చూశానన్న మాట

స్కేలు పోయింది బుధవారం నాడు.

పొద్దున ఎనిమిదిన్నరకు దేవానందం షాపులోకి వచ్చి, టిఫిన్ డబ్బా మేకుకు తగిలించి, కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని, బల్ల సొరుగు లాగాడు. ఉలులు వరసగా ఉన్నాయి. చిత్రిక ఉంది. పెన్సిళ్లు, గరుకు కాగితం ముక్కలు, మైనం ముద్ద ఉన్నాయి. సొరుగు పొడవునా పరిచిన ఖాకీ గుడ్డ మీద స్కేలు మాత్రం లేదు. గుడ్డ ఎత్తి చూశాడు. సొరుగు పూర్తిగా బయటికి లాగి బల్ల మీద పెట్టి, ఖాళీ గూట్లో చెయ్యి పెట్టి తడిమాడు. బల్ల కింద మడమల దాకా పేరుకున్న చెక్కపొట్టును కాలితో అటూ ఇటూ తోసి వెతికాడు.

అది మామూలు స్కేలు కాదు. కరిగిన ఉక్కు అచ్చులో చల్లారుతూ కొంత ముడుచుకుంటుంది. అందుకని అచ్చు తియ్యడానికి చేసే చెక్క నమూనాను ముందే ఆ మేరకు పెద్దదిగా చెయ్యాలి. ఆ నమూనాను షాపులో పేటర్న్ అంటారు. దేవానందం స్కేలు మీద అడుగు, అందరి అడుగు కన్నా పావు అంగుళం పెద్దది. రెండడుగుల ఇత్తడి బద్ద మీద ఆ గీతలు ఆయనే కోసుకున్నాడు. ఇరవై ఆరేళ్లుగా ఆయన చేతి నుంచి వెళ్లిన ప్రతి పేటర్న్ ఆ గీతలతో కొలిచిందే.

భిలాయిలో నందిని రోడ్డు మీద ఒక చిన్న ఫౌండ్రీ అది. వెనక షెడ్డులో ఇసుక అచ్చులు కట్టి ఉక్కు పోస్తారు. ముందు షెడ్డులో ఒకవైపు దేవానందం బల్ల, రెండోవైపు అద్దాల గది. ఆ గదిలో పోయిన ఏడాది తెచ్చిన మిషను ఉంది. కంప్యూటర్లో బొమ్మ గీసి ఇస్తే చెక్కను అదే కోస్తుంది. దాన్ని నడిపే మనోజ్‌కుమార్‌కు ఇరవై ఏడేళ్లు. దుర్గ్ నుంచి బైకు మీద వస్తాడు.

"క్యా ఢూంఢ్ రహే హో అంకుల్?" అన్నాడు మనోజ్ హెల్మెట్ తీస్తూ.

"కుఛ్ నహీ," అన్నాడు దేవానందం. వెతుకుతున్నది ఏమిటో చెప్పకుండా అతని మొహం చూశాడు. మనోజ్ చూపు తిప్పుకుని హెల్మెట్‌ను కిటికీలో పెట్టాడు. ఆ చూపు తిప్పుకోవడం దేవానందం మనసులో నిలిచిపోయింది. ఆ మిషనుకు స్కేలు అక్కర్లేదు. ఉక్కు ఎంత ముడుచుకుంటుందో అంకె కొడితే అదే కలుపుకుంటుంది. స్కేలు లేకపోతే ఆగిపోయేది ఈ బల్ల ఒక్కటే.

పదింటికి యజమాని శ్యామసుందర్ వచ్చాడు. భిలాయిలోనే పుట్టి పెరిగిన తెలుగువాడు. తండ్రి తర్వాత ఫౌండ్రీ చూసుకుంటున్నాడు. సంగతి విని బల్ల దాకా నడిచి వచ్చాడు.

"మీ స్కేల్ ఎవరు తీస్తారు అంకుల్. ఇంట్లో మర్చిపోయారేమో."

"నేను దాన్ని ఏనాడూ ఇంటికి తీసుకెళ్లలేదు."

"నిన్న సాయంత్రం మీ టేబుల్ దగ్గరికి ఎవరొచ్చారు?"

దేవానందం ఆలోచించాడు. నిన్న సాయంత్రం ఆయన పెద్ద పేటర్న్ ఒకటి పూర్తి చేశాడు. మనిషి పడుకునేంత పొడవు పెట్టె. లోపల బోలు, అడ్డంగా పట్టీలు, పైన మూతపలక. చీకటి పడకముందే మూత బిగించి, సందుల్లో పుట్టీ పెట్టాడు. ఈ రోజు దానికి ఎర్ర రంగు వెయ్యాలి. నిన్న తన దగ్గరికి వచ్చిన మనిషి ఎవరూ గుర్తుకు రాలేదు.

"ఎవరొస్తారు. సాయంత్రం ఊడ్చేది పోలమ్మ," అన్నాడు.

ఆ రోజు ఆయన అన్నది అంతే.

గురువారం పొద్దున శ్యామసుందర్ ఆయన్ని కేబిన్‌లోకి పిలిచి కుర్చీ చూపించాడు. "పోయిన నెల మన రెండు ఇత్తడి వాల్వులు పోయాయి, యాద్ ఉందా అంకుల్. పాత ఇనుము కొనే కబాడీవాడు రోజూ గేటు బయటే తిరుగుతాడు. బాగా గుర్తు తెచ్చుకోండి. ఆమె ఊడ్చేటప్పుడు మీరున్నారా?"

"ఉన్నాను. చేతులు కడుక్కుని వచ్చేసరికి నా బల్ల దగ్గర వంగి ఉంది."

అన్నాక ఆ దృశ్యం ఆయనకు కనిపించింది. నీలం చీర, వంగిన వీపు, చీపురు. అది ఏ రోజుదని ఆయన తనను తాను అడగలేదు.

"మీరు చూశారా?"

"చూశాను."

పదకొండింటికి టీ వేళ రెండు షెడ్ల మధ్య అందరూ చేరారు. పద్నాలుగు మంది. పోలమ్మ కుళాయి దగ్గర గ్లాసులు కడుగుతోంది. యాభై దాటిన మనిషి, క్యాంప్ 2 నుంచి నడిచి వస్తుంది. శ్రీకాకుళం వైపు మాట. శ్యామసుందర్ ఆమెను పిలిచి, "మిస్త్రీగారి ఇత్తడి స్కేలు తీశావా? తీస్తే ఇచ్చెయ్. నేనేం అనను," అన్నాడు.

"నేనెందుకు తీస్తాను బాబూ. ఆ బద్ద నాకేటి పని?"

"ఆయన చూశారు."

పోలమ్మ దేవానందం వైపు తిరిగింది. కోపంగా కాదు. ఎవరో పేరు పెట్టి పిలిస్తే తిరిగినట్టు తిరిగింది. "ఏటి చూసినారు మేస్త్రీబాబూ?"

పద్నాలుగు మంది గ్లాసులు పట్టుకుని ఆయన నోటి వైపు చూస్తున్నారు. కేబిన్‌లో చెప్పిన మాట ఇక్కడ చాలదనిపించింది.

"నా బల్ల దగ్గర వంగి ఉన్నావు. చేతిలో పసుప్పచ్చగా మెరిసింది. కొంగులో దోపుకున్నావు."

"ఎప్పుడు, మంగళారమా? మంగళారం నేను..."

"బస్," అన్నాడు శ్యామసుందర్. "చాలు. రేపట్నించి రావొద్దు. నిన్ను పనికి పెట్టిన ఠేకేదార్‌కి నేను చెప్తాను."

"ఇత్తడి కదా భయ్యా, ఈపాటికి కరిగి ఏ గుళ్లోనో గంటయిపోయుంటాది," అన్నారెవరో వెనక నుంచి. ముగ్గురు నలుగురు నవ్వారు.

పోలమ్మ కుళాయి దగ్గరికి వెళ్లి మిగిలిన రెండు గ్లాసులు కడిగి బోర్లించింది. కాళ్లు కడుక్కుంది. చీపురును గోడకు ఆనించి, అది జారిపోతుంటే మళ్లీ సరిగ్గా నిలబెట్టి, గేటు వైపు నడిచింది. దేవానందం టీ తాగాడు. చల్లారిపోయింది.

*

శుక్రవారం శ్యామసుందర్ రాయపూర్ నుంచి కొత్త స్కేలు తెప్పించి ఇచ్చాడు. స్టీలుది. గీతలు సన్నగా, అచ్చు వేసినట్టు ఉన్నాయి. దేవానందం దాన్ని వెలుతురులోకి తీసుకెళ్లి చూశాడు. పాత పేటర్న్ ఒకటి దించి దాని మీద పెట్టి కొలిచాడు. సరిపోయింది. ఇంకోటి కొలిచాడు. అదీ సరిపోయింది. అయినా నమ్మకం కలగలేదు. స్కేలు ఇచ్చేటప్పుడు శ్యామసుందర్, "ఇంక మీరు టెన్షన్ పడకండి అంకుల్, హాయిగా కూర్చోండి," అన్నాడు. కూర్చోండి అని ఎందుకన్నాడో ఆ రోజంతా ఆలోచించాడు.

ఇంటికి వెళ్లేముందు సొరుగు మూసి, పైన సందులో విరిచిన అగ్గిపుల్ల ముక్క ఇరికించాడు. శనివారం పొద్దున అది నేల మీద ఉంది. సొరుగులో చిత్రిక పక్కన మడిచిన కాగితం ఉంది. విప్పి చూస్తే కొత్త పేటర్న్ బొమ్మ.

"నా సొరుగు తెరిచావా?" అని అద్దాల గది గుమ్మంలో నిలబడి అడిగాడు.

"డ్రాయింగ్ పెట్టాను అంకుల్," అన్నాడు మనోజ్ తనకొచ్చిన తెలుగులో. "రోజూ అక్కడే కదా పెడతాను."

అది నిజమే. ఏడాదిగా డ్రాయింగులు అక్కడే పెడుతున్నాడు. కానీ ఈ రోజు పెట్టడానికి ఇంకో కారణం ఉండొచ్చు. దేవానందం అగ్గిపుల్ల ముక్కను వేళ్ల మధ్య నలిపి వెనక్కి వచ్చాడు. మధ్యాహ్నం అచ్చులు కట్టే మౌల్డర్లు ఇద్దరు గుమ్మం దగ్గర మాట్లాడుకుంటూ ఆయన్ని చూసి ఆపేశారు. వాళ్లు ఆపిన చోటి నుంచి మాట ఎటు వెళ్లేదో ఊహించుకుంటూ ఆయన చెక్క మీద గీత తప్పు గీశాడు. చెరిపి మళ్లీ గీశాడు.

ఆదివారం క్యాంప్ 1లో, ఇంట్లో, చర్చి నుంచి వచ్చి కుర్చీలో కూర్చోబోతూ కిటికీ అరుగు వైపు చూశాడు. అక్కడ ఉండాల్సిన కళ్లద్దాలు లేవు. భార్య సుమతివి. ఆమె పోయి ఏడు నెలలైంది. కళ్లద్దాలు ఆమె పెట్టినచోటే ఉండేవి.

"అమ్మ కళ్లద్దాలు ఎవరు తీశారు?"

"నేనే డాడీ," అంది జెన్నీ వంటింట్లో నుంచి. ఆయన కూతురు. రిసాలిలో ఒక స్కూల్లో సైన్సు చెబుతుంది. "దుమ్ము పడుతోందని బీరువాలో పెట్టాను."

"నాకు చెప్పకుండా?"

జెన్నీ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బీరువా తీసి, కళ్లద్దాల డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన మూత తీసి చూసి మూశాడు.

"డాడీ, ఒక మాట అడుగుతాను. ఇంకెన్నాళ్లు వెళ్తారు పనికి? సిక్స్‌టీ త్రీ వచ్చేశాయి."

"శ్యామసుందర్ ఫోన్ చేశాడా నీకు?"

"ఆయన నాకెందుకు చేస్తారు? మీరు కూడా డాడీ... ఎవరేం మాట్లాడినా వెనకాల ఇంకెవరో ఉన్నారనుకుంటున్నారు. కూర ఉప్పగా ఉంటే కూడా ఎవరు వెయ్యమన్నారని అడుగుతారేమో."

ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆమె ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టి వంటింట్లోకి వెళ్లింది. దేవానందం బోర్లా ఉన్న ఆ ఫోన్ వైపు కాసేపు చూశాడు.

*

సోమవారం పదింటికి సూర్యారావు ముందు షెడ్డులోకి వచ్చి పిలిచాడు. ఫౌండ్రీలో అచ్చులు కట్టే పెద్ద మౌల్డరు. విజయనగరం వైపు మనిషి. చేతులకు మోచేతుల దాకా నల్ల ఇసుక.

"అన్నా, ఒకపాలి రండి. మీ పేటర్న్ లోపల ఏటి పెట్టినారు?"

"ఏముంటుంది, గాలి."

"గాలైతే టంగుమంటాదేటి? రండి, మీరే ఇనండి."

వెనక షెడ్డులో ఎర్ర రంగు పేటర్న్ ఇసుక మీద పడుకుని ఉంది. దాని మీద కట్టిన మొదటి అచ్చు పక్కన ఆరుతోంది. సూర్యారావు ఒక కొస పట్టుకున్నాడు. దేవానందం రెండో కొస పట్టుకున్నాడు. సూర్యారావు తన వైపు ఎత్తాడు.

లోపల ఏదో జారింది. కొంత దూరం జారి అడ్డపట్టీకి తగిలి ఆగింది. ఆ చప్పుడు చెక్కది కాదు, స్క్రూదీ కాదు. పొడుగ్గా, పలచగా ఉన్నదేదో కొస తగిలి, మిగతా ఒళ్లంతా కాసేపు మోగింది.

"మళ్లీ ఎత్తు," అన్నాడు దేవానందం.

సూర్యారావు మళ్లీ ఎత్తాడు. మళ్లీ అదే మోత.

మంగళవారం సాయంత్రం అంతా ఆయనకు వరసగా గుర్తొచ్చింది. మూత వేసేముందు లోపలి పట్టీలు సమంగా ఉన్నాయో లేదో చూడటానికి స్కేలును వాటి మీద అడ్డంగా పెట్టాడు. సమంగానే ఉన్నాయి. జిగురు గిన్నె పొయ్యి మీద నుంచి దించి చాలాసేపైంది, గట్టిపడుతోంది. అంచుల మీద గబగబా జిగురు పూసి, మూతపలక ఎత్తి పెట్టి, మోకాలితో నొక్కి, స్క్రూలు తిప్పాడు. పద్దెనిమిది స్క్రూలు. అన్నీ తనే తిప్పాడు.

"ఏదో స్క్రూ పడిపోయినట్టుంది," అన్నాడు సూర్యారావు. "ఇప్పేద్దామా?"

"వద్దు."

"అవున్లెండి. దీంతో ఇంకా ఏడు అచ్చులు కట్టాల. ఇప్పితే పుట్టీ కాడ్నించీ మళ్లీ మొదలు. ఏటన్నా, అలాగున్నారు? కూకోండి."

"స్క్రూయే అయ్యుంటుంది," అన్నాడు దేవానందం. అని, ఇసుక కుప్పల మధ్య నుంచి తన బల్ల దగ్గరికి నడిచి వచ్చాడు. కూర్చున్నాక తను మళ్లీ ఒక అబద్ధం చెప్పానని తెలిసింది. ఈసారిది తెలిసి చెప్పింది.

సాయంత్రం ఐదున్నరకు క్యాంప్ 2లో అడుగుతూ అడుగుతూ పోలమ్మ ఇల్లు పట్టుకున్నాడు. సందులో సైకిళ్లు, ఆరవేసిన బట్టలు, కుళాయి దగ్గర వరసలో బిందెలు. పోలమ్మ ఆయన్ని చూసి ఆశ్చర్యపోలేదు. లోపలి నుంచి ప్లాస్టిక్ స్టూలు తెచ్చి గుమ్మం పక్కన వేసింది.

"కూకోండి బాబూ."

ఆయన కూర్చోలేదు. "స్కేలు దొరికింది."

"ఎక్కడ?"

"నా పేటర్న్‌లోనే ఉంది. లోపల పెట్టి నేనే మూత బిగించాను."

పోలమ్మ చేతిలోని బిందె కింద పెట్టింది. బిందె సరిగ్గా నిలబడేదాకా దాన్నే చూసింది.

"మరి నా కొంగులో మెరిసిందేటి బాబూ?"

"పొరబాటు పడ్డాను," అన్నాడు.

"ఆ మంగళారం నేను మద్దేన్నమే ఎల్లిపోనాను. రేషను కార్డుకి ఏలిముద్రలెయ్యాలని మా కోడలు ఫోను చేస్తే ఎల్లాను. గేటు కాడ పుస్తకంలో రాయించి మరీ ఎల్లాను. సాయంత్రం నేనక్కడ ఉండనేదు. ఆ మాట చెప్పబోతే ఇన్నోడు లేడు."

"నన్ను క్షమించు పోలమ్మా."

"ఇక్కడ నాకు చెప్తే ఏటి నాభం? నేను తియ్యనేదని నాకు తెలిసిందే కదా. అంతమంది ముందూ అన్నారు, అంతమంది ముందూ చెప్పండి. ఈదిలో ఆ మాట నాకన్నా ముందొచ్చింది. నేను కుళాయి కాడికెల్తే గిన్నెలు లోపలెట్టుకుంటన్నారు."

"చెబుతాను. నువ్వు కూడా రా."

"నన్నెవులు రానిస్తారు బాబూ, గేటు కాడే ఆపేస్తారు." ఆమె బిందె మళ్లీ చేతిలోకి తీసుకుంది. "మీరు చెడ్డోరు కారు. అదే నాకు చేటయినాది. ఇంకెవులన్నా ఆ మాటంటే ఎప్పుడు, ఎక్కడ అని అడిగుందురు. మీరన్నారని ఎవులూ అడగనేదు."

కుళాయిలో నీళ్లు వచ్చాయని ఎవరో కేకేశారు. ఆమె వెళ్లింది. స్టూలు గుమ్మం పక్కనే ఉంది.

*

మంగళవారం పొద్దున దేవానందం గేటు దగ్గర ఆగి, కాపలా మనిషిని అడిగి పుస్తకం తీసుకున్నాడు. పోయిన మంగళవారం పేజీలో కింది నుంచి నాలుగో వరస. పోలమ్మ పేరు, బయటికి వెళ్లిన వేళ పన్నెండూ ఇరవై, పక్కన వేలిముద్ర. తిరిగి వచ్చిన వేళ రాసే గడి ఖాళీ. ఆ పుస్తకం కేబిన్‌కు ముప్పై అడుగుల దూరంలో ఉంది. వారం రోజుల్లో ఎవరూ తెరవలేదు.

పుస్తకం కూడా అక్కర్లేదు. బుధవారం పొద్దున తన కాళ్ల కింద మడమల దాకా పొట్టు ఉంది. ఎవరైనా ఊడ్చి ఉంటే అది ఉండదు. ఆ పొట్టును కాలితో తోస్తూనే ఆయన వెతికాడు. వెంట్రుకవాసి తేడా కనిపెట్టే కన్ను అని షాపులో అందరూ అనే కన్ను అది.

బల్ల దగ్గర కూర్చుని కళ్లు మూసుకున్నాడు. నీలం చీర కనిపించింది. వంగిన వీపు కనిపించింది. చేతిలో పసుప్పచ్చని మెరుపు కనిపించింది. అది జరగలేదని ఇప్పుడు ఆయనకు తెలుసు. అయినా కొంగులో దోపుకున్న వేళ్లతో సహా స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. లేచి కేబిన్‌లోకి వెళ్లి, ఈ శనివారంతో పని చాలించుకుంటానని చెప్పాడు.

శ్యామసుందర్ చూస్తున్న కాగితాలు పక్కన పెట్టాడు. "ఎందుకు అంకుల్? ఎవరైనా ఏమన్నారా? మనోజ్ ఏమైనా అన్నాడా?"

"ఎవరూ ఏమీ అనలేదు. మిషను వచ్చింది కదా."

"మిషను కోసింది మీరు చూస్తేనే కదా నేను లోపలికి పంపిస్తాను. మనోజ్ రోజూ అదే అంటాడు, అంకుల్ చెయ్యి పెట్టి చూస్తేనే నాకు ధైర్యం అని. హాఫ్ డే రండి. వారానికి మూడు రోజులు రండి. రెండేళ్లు ఉండండి చాలు."

దేవానందం అతని మొహం చూశాడు. అందులో ఏదో దాచి ఉంటుందని అలవాటుగా వెతికాడు. ఏమీ లేదు. యజమాని నిజంగానే కంగారు పడుతున్నాడు.

"నేను చూసినదాని మీద నాకు నమ్మకం పోయింది బాబూ. ఇంక కొలతలు పెట్టకూడదు."

"కళ్లకు ఆపరేషన్ చేయిద్దాం."

"వద్దు. శనివారం టీ వేళ అందర్నీ పిలవండి. ఫౌండ్రీ వాళ్లని కూడా. పోలమ్మకు కబురు పెట్టండి."

"ఆమె ఎందుకు?"

"పెట్టండి."

కారణం అక్కడే చెప్పి ఉండొచ్చు. చెబితే ఆ మాట కేబిన్‌లోనే ఉండిపోతుందని ఆయన భయపడ్డాడు. పోనీలెండి అంకుల్ అని శ్యామసుందర్ అంటాడు, తనూ పోనీలే అనుకుంటాడు.

సంగతి విని జెన్నీ ఆయన మొహంలోకి చూసింది. "నేను అన్నాననా డాడీ?" అని అడిగింది. కాదన్నాడు. శుక్రవారం దాకా ఆయన మనోజ్‌కు పాత పేటర్న్‌లన్నీ దించి చూపించాడు. ఏది ఎక్కడ అరిగిందో, దేన్ని ఎటువైపు ఎత్తాలో చెప్పాడు. మనోజ్ ఫోన్‌లో రాసుకున్నాడు. ఇంట్లో ఆయన ఒక కాగితం మీద శనివారం చెప్పాల్సింది హిందీలో రాసుకున్నాడు. మొదట పదకొండు వాక్యాలయ్యాయి. తనను గురించినవి కొట్టేస్తే నాలుగు మిగిలాయి.

శనివారం రెండు షెడ్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. బంతిపూల దండ, శాలువా, సమోసాలు. పోలమ్మ రాలేదు. "కబురు పెట్టారా?" అని దేవానందం అడిగితే, "మర్చిపోయాను అంకుల్," అన్నాడు శ్యామసుందర్. గౌరీదేవి అనే కొత్త మనిషి టీ గ్లాసులు అందిస్తోంది. చేరి నాలుగు రోజులైంది. ఎవరికి ముందు ఇవ్వాలో తెలియక దండ వేసుకున్న మనిషికి ముందు ఇచ్చింది.

శ్యామసుందర్ శాలువా కప్పి, తన తండ్రి రోజుల నుంచీ ఈ చేతుల మీదే ఫౌండ్రీ నిలబడిందని చెప్పాడు. తర్వాత దేవానందం లేచాడు. కాగితం తియ్యలేదు. నాలుగు వాక్యాలూ నోటికి వచ్చు.

"నా స్కేలు ఎవరూ దొంగతనం చెయ్యలేదు. నేనే పేటర్న్‌లో పెట్టి మూసేశాను. పోలమ్మ తియ్యడం చూశానని మీ అందరి ముందూ అన్నాను, కానీ ఆమె ఆ వేళ ఇక్కడ లేనే లేదు, గేటు పుస్తకంలో ఉంది. నేను అన్నది అబద్ధం."

సూర్యారావు తొడ మీద చరుచుకుని, "అమ్మనాయనో, టంగుమన్నది అదా," అన్నాడు. ఒకరు నవ్వారు. అందరూ నవ్వారు. ఇద్దరు కుర్రాళ్లు వెనక షెడ్డులోకి పరిగెత్తి ఎర్ర పేటర్న్‌ను మోసుకొచ్చి ఒక కొస ఎత్తారు. లోపల స్కేలు జారి మోగింది. మళ్లీ ఎత్తమన్నారు. మళ్లీ మోగింది. మనోజ్ ఫోన్‌లో వీడియో తీశాడు.

"చూశారా," అన్నాడు శ్యామసుందర్ అందరి వైపు తిరిగి. "వెళ్లిపోయే రోజున నిలబడి నా తప్పు అని చెప్పడానికి ఎంత పెద్ద మనసుండాలి. ఈ రోజుల్లో ఇలాంటి ఈమాన్‌దారీ ఎక్కడుంది?" అని చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. గౌరీదేవి కూడా పళ్లెం చంకలో పెట్టుకుని కొట్టింది. మనోజ్ వచ్చి కాళ్లకు దండం పెట్టాడు. దేవానందం చెయ్యి ఎత్తి ఆపమన్నాడు. అది ఆశీర్వాదమనుకుని ఇంకో ఇద్దరు వంగారు.

చప్పట్లు ఆగాక ఆయన శ్యామసుందర్ దగ్గరికి వెళ్లాడు. "పోలమ్మ సంగతి?"

"సోమవారం చూద్దాం అంకుల్. ఈమె మొన్ననే చేరింది, పేద మనిషి, ఎలా పొమ్మంటాను? ఠేకేదార్‌తో మాట్లాడతాను. మీరు మనసులో పెట్టుకోకండి. సమోసా తినండి, చల్లారిపోతోంది."

సోమవారం దేవానందం ఇంటి నుంచి ఫోన్ చేశాడు. శ్యామసుందర్ రాయపూర్‌లో ఉన్నాడు. గురువారం మళ్లీ చేశాడు. ఠేకేదార్ దొరకలేదని శ్యామసుందర్ చెప్పాడు. వీడియో చాలామంది చూశారని, అందరూ ఆయన్ని మెచ్చుకుంటున్నారని కూడా చెప్పాడు.

పోలమ్మను ఇంకా పనిలోకి పిలవలేదు. దేవానందం మళ్లీ క్యాంప్ 2కు వెళ్లలేదు.